ఎవరన్నారు ఆంటీ

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను కోతలు కోస్తాను. నేనొక ఇడ్లీ తింటే, చెప్పేసరికి అది ఒక వాయి అవుతుంది. న్యూజెర్సీలో మా ప్లెయిన్స్‌బరోలో చీలమండ దాకా మంచు పడితే, ఆ కబురు ఫోన్లో విజయవాడ చేరేసరికి మా కారు కప్పు కనపడదు. మా ఆవిడ నా మాటని చీర మడత పెట్టినట్టు సగానికి మడిచి, దాన్ని మళ్లీ సగానికి మడిచి, అప్పుడు గానీ నమ్మదు.

ఇది ముందుగా చెప్పడానికి కారణం ఉంది. ఈ రాసింది వచ్చే శనివారం మా ఊరి లైబ్రరీ మీటింగ్ రూములో, పిల్లలకి పాఠం చెప్పిన ఒకావిడ సంతాప సభలో చదవాలి. నేను తెలుగులో చదువుతాను. పక్కన నిలబడి మా అమ్మాయి ఇంగ్లీషులో చెబుతుంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడ పుట్టిన పిల్లలు. వాళ్లకి తెలుగు కూరల పేర్ల వరకూ వచ్చు, తిట్ల వరకూ అర్థమవుతుంది. అందుకే మా అమ్మాయి కాలేజీ నుంచి ఇంటికొచ్చింది. రాగానే బ్యాగు కింద పెట్టకుండా షరతు పెట్టింది.

"నాన్నా, మేడప్ స్టఫ్ ఉంటే నేను చెప్పను."

"అది కల్పన కాదమ్మా, అలంకారం."

"ఆంటీ గురించి నో. అందరూ ఆంటీ స్టూడెంట్సే వస్తారు. ఫేక్ చెప్తే వాళ్ల ఫేసెస్ నేను చూడాలి, నువ్వు కాదు. ఏది మేడప్పో లాస్ట్‌లో నువ్వే చెప్పు. లేకపోతే ఒక్కడివే చదువుకో."

సరేనన్నాను. కాబట్టి ఇది చదువుతున్న మీరు చివరిదాకా ఉండాలి.

కబురు మంగళవారం పొద్దున వచ్చింది. ఆఫీసుకి వెళ్తూ రూట్ వన్ మీద ఎర్ర లైటు దగ్గర ఉన్నాను. ఫోన్‌కి మెసేజ్ వస్తే మా కారు చదివి వినిపిస్తుంది. ఆంటీ పేరుని ముక్కలు ముక్కలుగా విరిచి, ఆ తర్వాత పోయారన్న మాటని మాత్రం తప్పు లేకుండా చదివింది. కారు పక్కకి తీసి ఏడ్చాను. ఎంత ఏడ్చానంటే, దారి కనపడక వైపర్లు వేశాను. నీళ్లు లోపలున్నాయి కాబట్టి లాభం లేకపోయింది. పోలీసాయన వచ్చి కిటికీ కొట్టి, నన్ను చూసి, తన టోపీ తీసేశాడు. నా వల్ల ఒక లేను మూసేశారు. ట్రెంటన్ దాకా కార్లు ఆగాయి.

అప్పట్నుంచి మాత్రం ఏమీ లేదు. పళ్ల డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి ఎలా ఉంటుందో అలా ఉంది. ఉందని తెలుసు, వేలితో ముట్టుకుంటే తగులుతుంది, కానీ నాది కాదు.

సాయంత్రానికి మా ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ వచ్చింది. దీపం, పక్కన ఆవిడ ఫొటో, కింద బంగారు అక్షరాల్లో జ్ఞానం, వెలుగు, ప్రయాణం అనే మూడు మాటలూ ఇరికించిన ఒక సూక్తి. సూక్తి కింద ఆవిడ పేరు. ఆ మూడు మాటల్నీ ఒకే వాక్యంలో ఆవిడ జన్మలో వాడి ఎరగదు. అందరూ దండాలు పెడుతుంటే, మధ్యలో ఆవిడ దగ్గర చదువుకున్న పిల్ల ఒకత్తి ఒకే ముక్క రాసింది: "ఎవరన్నారు?" దాని కింద ఇంకో పిల్లాడు, "ఆంటీ అనలేదు." దాని కింద బోలెడుమంది పిల్లలు బొటనవేళ్లు పెట్టారు. పెద్దవాళ్లు గొల్లుమన్నారు. "సందర్భం చూడండమ్మా! పోయినావిడ దగ్గర కూడా సోర్సులేనా?" అని ఒకాయన. "పిల్లల్ని ఆవిడే ఇలా తయారు చేసింది," అని ఇంకొకావిడ. తిట్టిందో మెచ్చుకుందో ఆవిడకే తెలియాలి.

ఆ తర్వాతే తెలుగు అసోసియేషన్ కార్యదర్శి నాకు ఫోన్ చేశారు. "గురూగారూ, సభలో మీరో రెండు ముక్కలు రాసి చదవాలి. నవ్వించాలి. అలాగే కంట తడి పెట్టించాలి." ఇడ్లీలోకి చట్నీ, సాంబారూ రెండూ వెయ్యి అన్నట్టు చెప్పి పెట్టేశారు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ సూక్తి కిందున్న పేరులాగే ఉంటుంది. పిల్లలు పెట్టుకున్న పేరు చాలు: ఎవరన్నారు ఆంటీ. పుట్టిన ఊరు, చదివిన చదువు కూడా రాయను. తెనాలి అని ఒకరూ, బాపట్ల అని ఒకరూ చెప్పారు. ఎవరన్నారని అడిగితే ఇద్దరూ ఒకరినొకరు చూపించుకున్నారు. నేను కళ్లతో చూసింది రాస్తాను. ఎంత పెంచినా, చూసిందే పెంచుతాను.

ప్రతి శనివారం పొద్దునా లైబ్రరీ పై అంతస్తులో ఒక అద్దాల గది. అరడజను కుర్చీలు పట్టే గదిలో అరవైమంది పిల్లలు. మధ్యలో చిన్న మనిషి. ఒక కళ్లజోడు ముక్కు మీద, ఒకటి నెత్తి మీద, మూడోది మెడలో గొలుసుకి. స్కూల్లో ఏ ప్రాజెక్టు ఇచ్చినా, అగ్నిపర్వతాలైనా ఆడవాళ్ల ఓటు హక్కైనా, పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని అక్కడికొచ్చేవాళ్లు. ఆవిడ వాళ్లకి అగ్నిపర్వతాల గురించి ఒక్క ముక్క చెప్పేది కాదు. ముందొక కమలాపండు తీసి వలవడం మొదలుపెట్టేది. తొక్క తెగకుండా చివరిదాకా ఒకే పాయగా వచ్చేది. అది విప్పి పరిస్తే ఐసెలిన్ నుంచి ఎడిసన్ దాకా వచ్చేంత పొడుగు.

"చెప్పు నాన్నా. నీ పేపర్లో ఏం రాశావ్?"

పిల్లాడు చెప్పేవాడు.

"ఎవరన్నారు?"

"ఇంటర్నెట్‌లో ఉంది ఆంటీ."

"ఇంటర్నెట్ రోడ్డు నాన్నా. రోడ్డు మాట్లాడదు. రోడ్డు మీద ఎవరు కనపడ్డారు, ఏమన్నారు, అది చెప్పు."

ఆ తర్వాత ఇంకో రెండు వచ్చేవి. వాళ్లకెలా తెలుసు? మనం నమ్మితే వాళ్లకేంటి? ఈ మూడింటికీ జవాబు తెచ్చి, ఎవరి మాటో వాళ్ల పేరు పేపరు చివర రాస్తే ఒక తొన చేతిలో పెట్టేది. రాయకపోతే ఆ తొన ఆ పిల్లాడి కళ్ల ముందే తను తినేసేది. ఎంతో నిదానంగా తినేది. అంత క్రూరంగా పండు తినే మనిషిని నేను చూడలేదు.

ఒకసారి ఓ పిల్ల తేనెటీగల మీదో దేని మీదో పొడుగాటి వ్యాసం తెరిచి చదవబోతోంది. ఆవిడ తెర మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"లోపలికి పోకు. ముందు కిందకి పో."

"కిందా? ఎందుకు ఆంటీ?"

"మీ ఇంట్లో పార్టీ ఉంటే గుమ్మం దగ్గర ఏముంటాయి?"

"షూస్."

"షూస్ చూసి లోపల ఎవరున్నారో చెప్తావా?"

"యా! పింక్ శాండల్స్ అంటే అనన్య. లైట్స్ వచ్చే షూస్ అంటే వాళ్ల బ్రదర్. పెద్దవి, బ్యాడ్ స్మెల్..." అని ఆ పిల్ల అద్దాల్లోంచి నా వైపు చూసింది. బయట పేపరు చదువుకుంటున్న నేను కాళ్లు వెనక్కి లాక్కున్నాను.

"అంతే. వ్యాసం చివర చిన్నక్షరాల్లో ఉన్నవి గుమ్మం దగ్గర చెప్పులు. అవి చూస్తే లోపల ఎవరెవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది. చెప్పులే లేవనుకో?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేరు, లోపల ఒక్కడే గట్టిగా మాట్లాడుతున్నాడు. అలాంటి ఇంట్లోకి నువ్వు వెళ్తావా?"

"యాక్! నో."

ఇంకో పిల్ల, ఒక వెబ్‌సైటు వాళ్లు తమ గురించి తామే రాసుకున్న పేజీ చదివి, "గుడ్ సైట్ ఆంటీ, వాళ్లే చెప్పారు," అంది.

"పిల్లనిచ్చేముందు పెళ్లికొడుకునే అడుగుతామా, బాబూ నువ్వు మంచివాడివేనా అని?"

"ఆంటీ! ఐయామ్ ట్వెల్వ్!"

"సరే, కాలేజీకి వెళ్లావు. రూమ్మేట్ కావాలి. ఆ అమ్మాయినే అడుగుతావా?"

"నో. ఆ గర్ల్ ఓల్డ్ రూమ్మేట్‌ని అడుగుతా."

"మరి ఈ పేజీ మూసెయ్. బయటికెళ్లి దీని పాత రూమ్మేట్లెవరో వెతుక్కురా."

ఈ మధ్య కాలంలో పిల్లలకి కొత్త సులువు దొరికింది. అడిగితే చాలు, కంప్యూటరే వ్యాసం రాసేస్తుంది. చివర పుస్తకాల పేర్లు కూడా వరసగా పెట్టేస్తుంది. నిఖిల్ అనే కుర్రాడు అలాంటిదొకటి తెచ్చాడు. అందులో ఓ పుస్తకం పేరు, రాసినాయన పేరు, పేజీ నంబరు. ఆ పేరు వింటే నాకే చదవాలనిపించింది. ఆవిడ ఆ పేరు చదివి, "మంచి పుస్తకంలా ఉంది. వెళ్లి తీసుకురా," అంది.

వాడు అరలన్నీ తిరిగాడు. కింది అంతస్తు, పై అంతస్తు, మళ్లీ కింద. లైబ్రరీ ఆవిడ కూడా జాలిపడి చుట్టుపక్కల లైబ్రరీలన్నింటిలో వెతికిపెట్టింది. అలాంటి పుస్తకం లేదు. అలాంటి రచయితా లేడు. వాడు చెమటలు కక్కుతూ వచ్చాడు.

"బట్ ఆంటీ, ఇట్ సౌండ్స్ సో రియల్!"

ఆవిడ అద్దంలోంచి నన్ను చూపించింది. "ఆ అంకుల్ చెప్పేవి కూడా అలాగే ఉంటాయి. వింటాం, నవ్వుకుంటాం. పేపరు చివర రాసుకుంటామా?" అని, గొంతు తగ్గించింది. "ఒకరి మాట వాడుకుని వాళ్ల పేరు చెప్పకపోతే వాళ్లకి అన్యాయం చేసినట్టు. లేనివాడి పేరు రాస్తే, అది చదివి నమ్మి వెతుక్కునేవాడికి అన్యాయం చేసినట్టు. ఇందాకట్నుంచి తిరిగావుగా. కాళ్లు నొప్పా?"

"యా."

"అదీ," అని ఒక తొన ఇచ్చింది. పేపరుకి కాదు, తిరిగినందుకు.

ఇదంతా పిల్లల దగ్గరే అనుకుంటే పొరపాటు. తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్ భోజనాలకి ఆవిడ తెచ్చిన గిన్నెల మీద పసుపు చీటీలుండేవి. "గుత్తివంకాయ. పద్ధతి మా తోటికోడలిది. కారం తగ్గించడం పక్కింటి గుజరాతీ ఆవిడ సలహా. మాడడం నాది." ఎవరైనా జోకు చెబితే నవ్వేది, నవ్వి, "ఇది పోయినేడు మూర్తిగారింట్లో విన్నాం కదూ, అప్పుడు ఇంకా బాగుంది," అనేది. నేను జోకులు కొట్టేసి బతికేవాణ్ణి. ఆవిడున్న గదిలో నా పని, టిక్కెట్ కలెక్టరున్న పెట్టెలో టిక్కెట్టు లేనివాడి పనే. ఆవిడ ఎటువైపు కూర్చుందో చూసుకుని రెండోవైపు మొదలుపెట్టేవాణ్ణి.

అయినా ఒకసారి దొరికిపోయాను. అప్పుడు మా అమ్మాయి ఏడో క్లాసు. స్కూల్లో హిస్టరీ ఫెయిర్. నదుల మీద పనిచేసిన మనుషుల గురించి ప్రాజెక్టు. మా అమ్మాయి మా తాతని ఎంచుకుంది. మా తాత గోదావరి మీద లాంచీ నడిపేవాడు. ఒక పెద్ద వరదలో ఊళ్లోవాళ్లని ఎక్కించుకుని ఒడ్డు చేర్చాడు. అది కాదనలేని నిజం. ఆ పైన నేను చేర్చినవి కొన్నున్నాయి. మా అమ్మాయి చిన్నప్పుడు నిద్రపుచ్చడానికి చెప్పిన కథ అది. మొదట్లో లాంచీలో నలభైమంది ఉండేవాళ్లు. అమ్మాయి పెద్దదవుతున్నకొద్దీ జనం పెరిగారు. మూడొందలయ్యారు. రెండు గేదెలెక్కాయి. ఒక పెళ్లివారు ఎక్కారు, బాజాలతో సహా. పిల్ల అదంతా రాసుకుని శనివారం అద్దాల గదికి పట్టుకెళ్లింది.

ఆవిడ చదివింది. రెండో కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదివింది.

"మనిషి కూడా సోర్సే. కానీ అడగాలి. మీ నాన్నని లోపలికి పిలువు."

నన్ను మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టారు. చుట్టూ పళ్లకి క్లిప్పులున్న న్యాయమూర్తులు. ఆవిడ పక్కన కూర్చుని పండు వలుస్తోంది. అప్పటికింకా చిన్న పిల్లాడైన నిఖిల్ మొదలుపెట్టాడు.

"అంకుల్, మీరు ఆ బోట్‌లో ఉన్నారా?"

"నేనప్పటికి పుట్టలేదు నాన్నా."

"మరి మీకు ఎవరు చెప్పారు?"

"మా నాన్న."

"ఆయన ఉన్నారా బోట్‌లో?"

"లేడు. కాకినాడలో హాస్టల్లో ఉన్నాడు."

"సో బోట్‌లో ఎవరూ లేరు."

"మా తాత ఉన్నాడుగా! నడిపిందే ఆయన!"

"తాత మీకు ఏం చెప్పారు?" అంది మా అమ్మాయి.

అక్కడ ఉన్నది చెప్పాల్సి వచ్చింది. మా తాత మాట్లాడే మనిషి కాదు. వంశానికి వచ్చిన మాటలన్నీ వాడకుండా దాచి నాకు వదిలేశాడు. చిన్నప్పుడు ఆయన మంచం పట్టె మీద కూర్చుని అడిగేవాణ్ణి, తాతా, వరదలో ఏమైంది అని. చుట్ట నోట్లోంచి తీసేవాడు. గోదావరి వైపు చూసేవాడు. ఒక్క మాట అనేవాడు. మళ్లీ చుట్ట పెట్టుకునేవాడు.

"ఏమనేవారు?" అంది ఆవిడ.

"తడిశాం," అన్నాను. ఆయన గొంతుతోనే అన్నాను. నాకు ఆ గొంతు వచ్చు, అడుగు నుంచి ఇసక తోడినట్టుండే గొంతు.

పిల్లలు పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. వలుస్తున్న తొక్క తెగిపోయింది. అదొక్కసారే నేను ఆవిడ చేతిలో తొక్క తెగడం చూసింది.

"ఇంకోసారి అనండి."

"తడిశాం."

"ఆ గొంతుతోనే అనేవారా?"

"అచ్చం ఇలాగే. ఎప్పుడడిగినా ఇంతే."

"మధ్యలో ఎవరూ లేరు. ఆయన నోట్లోంచి మీ చెవిలోకి." మా అమ్మాయి వైపు తిరిగింది. "రాసుకో."

"ఆంటీ, ఒక్క వర్డే ఉంది!"

"ఉన్నది ఒక్కటే. కానీ ఉంది."

మూడొందలమందీ దిగిపోయారు. గేదెలు దిగాయి. పెళ్లివారు బాజాలు సర్దుకుని దిగిపోయారు. లాంచీ ఖాళీ అయింది, అందులో మా తాత ఒక్కడే చుట్టతో నిలబడ్డాడు. నాకేమీ బాగాలేదు. ఇంకా ఉంది. ప్రతి సోర్సు కిందా అదెంతవరకు నమ్మొచ్చో ఒక వాక్యం రాయాలని స్కూలు వాళ్ల నియమం. మా అమ్మాయి నా పేరు కింద రాసింది: "మా నాన్న. ఐ లవ్ హిమ్. కానీ నమ్మదగ్గ సోర్స్ కాదు." ఇంగ్లీషులో రాసింది కాబట్టి మర్యాదగా ఉంది, మర్యాదగా ఉంది కాబట్టి ఎక్కువ తగిలింది. పన్నెండేళ్ల పిల్ల నా గురించి కనిపెట్టి, అట్ట మీద రంగు పెన్నుతో రాసి, స్కూలు గోడకి పెట్టబోతోంది. లేచి పోదామనుకున్నాను. కుర్చీ పిల్లలది, ఇరుక్కుపోయాను.

ఆవిడ ఆ వాక్యం చదివింది. "దేనికి?" అంది.

"వాట్ ఆంటీ?"

"దేనికి నమ్మదగ్గవాడు కాదు? ఏ సోర్సూ అన్నింటికీ పనికిరాదు. అలాగని దేనికీ పనికిరానిదీ ఉండదు. దేనికి అడగొచ్చో, దేనికి అడక్కూడదో రాయి. ఊరికే ఒక మనిషిని కొట్టెయ్యకు."

మా అమ్మాయి పెన్ను కొరుకుతూ చాలాసేపు నన్ను చూసింది. ఇంట్లో అంతసేపు ఎప్పుడూ చూడలేదు. తర్వాత కొట్టేసి, కొత్తగా రాసింది: "మా నాన్న. బోటులో ఎంతమంది ఉన్నారో ఆయన్ని అడక్కండి. మా ముత్తాత గొంతు ఎలా ఉండేదో అడగండి."

ఆవిడ తెగిన తొక్క పక్కన పెట్టి ఒక తొన తీసింది. పిల్లలందరూ చేతులు చాపారు. నాకిచ్చింది. పుల్లగా ఉంది.

ఆ ప్రాజెక్టుకి రాష్ట్రం మొత్తానికీ మొదటి బహుమతి వచ్చింది. (ఇది చదివి వినిపించగానే మా అమ్మాయి సోఫాలోంచి అరిచింది: "నాన్నా! అది హానరబుల్ మెన్షన్! స్కూల్లో!")

ఆవిణ్ణి చివరిసారి చూసింది ఐసెలిన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద, కూరగాయల కొట్టు ముందు. చలి ఇంకా మొదలవలేదు, ఆవిడ ఉన్ని టోపీ పెట్టుకుని ఉంది. టోపీ మీద కళ్లజోడు. అట్టపెట్టెలో కమలాలు కొంటోంది. ఆరోగ్యం ఎలా ఉందని అడిగాను.

"ఒక డాక్టరు చెప్పాడు. సరే, ఇంకోచోటికి వెళ్లాను. ఆ డాక్టరూ అదే చెప్పింది. ఇద్దరికీ ఒకరికొకరు తెలీదు. కాబట్టి నమ్మాల్సిందే."

కొట్టు ముందు జనం. ఎవరో కారు హారన్ కొడుతున్నారు. నేను నోటికొచ్చింది అన్నాను. "ఊరుకోండి, మీకేమవుతుంది. మీరు నూరేళ్లుంటారు."

ఆవిడ నవ్వింది. "ఎవరన్నారు?"

పెట్టె అందుకుని ఆవిడ కారు దాకా మోశాను. కారు తలుపు తీస్తూ ఆవిడే అంది.

"మీరు నా గురించి రాస్తారు. రాయకుండా ఉండలేరు, నాకు తెలుసు. రాయండి. కానీ ఆ చెప్పుల మాట నాదని రాయకండి. మా స్కూల్లో లెక్కల మేష్టారిది. గుమ్మంలో చెప్పులు చూసి లోపల ఎంతమందో చెప్పమనేవారు. పెళ్లికొడుకు మాట మా పిన్నిది. ఆ మూడు ప్రశ్నలు నాకు మొదట పని నేర్పినాయనవి."

"మరి మీదేముందండీ ఇందులో?" అన్నాను.

పెట్టెలోకి చూసి ఒక నిమిషం ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"కమలాలు కొన్నది నేనే."

మంగళవారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. గుమ్మం దగ్గర చోటు చాలక చెప్పులు మెట్ల మీదికి, మెట్ల మీంచి గడ్డిలోకి వచ్చాయి. పెద్దవాళ్లవి కొన్ని. మిగతావన్నీ పిల్లలవి, ఒకప్పుడు పిల్లలైనవాళ్లవి. నేనక్కడ నిలబడి చూస్తున్నాను. లోపలికి వెళ్లకుండానే ఎవరెవరున్నారో తెలుస్తోంది. నిఖిల్ వచ్చాడు, వాడి పాదం నాకంటే పెద్దదైపోయింది. అనన్య వచ్చింది. మా అమ్మాయివి లేవు, తను ఇంకా రైల్లో ఉంది. అందరివీ చూశాక నా బూట్లు కూడా విప్పి ఆ చివర పెట్టాను.

ఇక ఒప్పందం ప్రకారం మేడప్ సంగతి. నిన్న ఇదంతా చదివి వినిపించి, ఒక్కొక్కటే చెప్పాను. గదిలో అరవైమంది లేరు. తొక్క ఎడిసన్ దాకా రాదు. కళ్లజోళ్లు మూడన్నది మాత్రం నిజం. మిగతావన్నీ ఉన్నదాన్ని సాగదీసినవి. అసలు లేకుండా పుట్టించింది ఒక్కటే ఉందన్నాను.

"ఐ నో," అంది మా అమ్మాయి. "రూట్ వన్ దగ్గర పోలీస్. టోపీ తియ్యడం. కమాన్, నాన్నా."

"పోలీసు దాని వెనకాలే వచ్చాడమ్మా."

"ట్రాఫిక్?"

"ఏడుపు."

మా అమ్మాయి సోఫాలో నిటారుగా కూర్చుంది.

"నేను ఏడవలేదు. కారు ఆ మెసేజ్ చదివింది. చదివి, జవాబు ఇస్తారా అని అడిగింది. వద్దన్నాను. లైటు ఆకుపచ్చయింది. ఆఫీసుకి వెళ్లాను. మీటింగులో జోకు చెప్పాను, అందరూ నవ్వారు. మధ్యాహ్నం అన్నం తిన్నాను. సాయంత్రం చెప్పులు చూశాను. ఏమీ రాలేదు. ఇంకా రాలేదు. కార్యదర్శి అందరి కంట తడి పెట్టించమన్నారు కదా అని, ముందు నా కళ్లలో పెట్టాను."

మా అమ్మాయి సోఫాలోంచి లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఏడో క్లాసులో చూసినట్టే చూసింది.

"కార్‌లో ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు. నేనొక్కణ్ణే."

"ఓకే," అంది. "ఇది నేను ఇంగ్లీష్‌లో చెప్తాను."